కాంటా అయింది.. డబ్బులేవి? ఐకేపీ సెంటర్ లెక్కతో 'ఈవెంట్ డ్రివెన్ వర్క్‌ఫ్లో' ఈజీగా!

నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో వరి కోతలు మొదలైతే ఐకేపీ సెంటర్ల దగ్గర వినిపించే ప్రశ్న ఒక్కటే.. 'కాంటా అయి ఇన్ని రోజులైంది, డబ్బులెప్పుడు పడతయ్?' ఈ ప్రశ్నకి జవాబు కావాలంటే, సాఫ్ట్‌వేర్ వాళ్లు 'ఈవెంట్ డ్రివెన్ వర్క్‌ఫ్లో' అని పిలిచే పద్ధతి తెలిస్తే చాలు.

వడ్లు నడిచే దారి

రైతు సెంటర్‌లో వడ్లు ఆరబోస్తారు. తేమ 17 శాతం దాటకుండా ఉంటే కాంటా పెడతారు. కాంటా అయ్యాక లారీ లోడింగ్, ట్రక్ షీట్. లారీ మిర్యాలగూడ మిల్లుకి చేరి దిగుమతి అయితే, ఆ వివరాలు ఆన్‌లైన్‌లో ఎక్కుతాయి. ఆ తర్వాతే పేమెంట్.

ఇక్కడ ఏ పనీ గడియారం చూసి మొదలవ్వదు. ముందు పని అయిందన్న కబురు అందితేనే తర్వాతి పని కదులుతుంది. ఆ కబురే 'ఈవెంట్'. ఒక్కో పని ఒక్కో 'స్టెప్'. మొత్తం కలిపితే 'వర్క్‌ఫ్లో'.

కోడ్‌లో ఎలా రాస్తారు?

పైథాన్‌లో ఏఐ యాప్‌లు కట్టేవాళ్లు వాడే లామాఇండెక్స్ ఫ్రేమ్‌వర్క్‌లో 2024లో 'వర్క్‌ఫ్లోస్' వచ్చింది. ధాన్యం కొనుగోళ్లు దీంతో నడుస్తున్నాయని కాదు, అర్థం కావడానికే ఈ పోలిక.

ఇందులో 'స్టార్ట్ ఈవెంట్'తో పని మొదలై, 'స్టాప్ ఈవెంట్'తో ముగుస్తుంది. మధ్యలో ప్రతి ఫంక్షన్‌కీ 'స్టెప్' అని గుర్తు పెట్టి, అది ఏ ఈవెంట్ తీసుకుంటుందో, ఏ ఈవెంట్ ఇస్తుందో రాస్తే చాలు. ఏది ఎవరికి చేరాలో ఫ్రేమ్‌వర్కే చూసుకుంటుంది.

తేమ ఎక్కువుందా? 'మళ్లీ ఆరబెట్టు' అనే ఈవెంట్ ఇస్తే పని వెనక్కి వెళ్తుంది. ఒకే లారీలో ఐదుగురు రైతుల బస్తాలున్నాయా? ఐదు కాంటాల కబుర్లూ అందేదాకా లోడింగ్ స్టెప్ ఆగుతుంది. దీనికి 'కలెక్ట్ ఈవెంట్స్' అనే సదుపాయం ఉంది. రైతు పేరు, బస్తాల లెక్క లాంటివి అన్ని స్టెప్‌లూ చూసుకునేలా 'కాంటెక్స్ట్' అనే ఉమ్మడి ఖాతా పుస్తకంలో ఉంటాయి.

అసలు చిక్కు ఎక్కడ?

మిల్లు దగ్గర లారీ రెండు రోజులు నిలబడిందనుకుందాం. దిగుమతి కబురు రాదు. పేమెంట్ స్టెప్ ఎదురుచూస్తూనే ఉంటుంది. ఎర్రర్ లేదు, మెసేజ్ లేదు. ఈ పద్ధతిలో పెద్ద ప్రమాదం ఈ మౌనమే.

అందుకే మంచి డెవలపర్ మూడు జాగ్రత్తలు తీసుకుంటాడు. ఒకటి, టైమ్‌అవుట్. గడువు దాటితే ఎక్కడ ఆగిందో చెప్పాలి. రెండు, కాంటెక్స్ట్‌ని సేవ్ చేయడం. సర్వర్ ఆగినా, కాంటా మళ్లీ పెట్టకుండా ఆగిన చోటు నుంచే మొదలవ్వాలి. మూడు, రీట్రై విషయంలో జాగ్రత్త. నెట్ పోయి పేమెంట్ స్టెప్ మళ్లీ నడిస్తే డబ్బులు రెండుసార్లు పడొచ్చు. అందుకే 'ఈ ట్రక్ షీట్‌లో ఈ రైతుకి ఇప్పటికే చెల్లించామా?' అని ముందే చూసుకోవాలి. ఈ చెకింగ్ ఫ్రేమ్‌వర్క్ తనంతట తాను చేయదు, రాసేవాళ్లే రాయాలి.

రైతు ఏం అడగాలి?

'డబ్బులెప్పుడు?' అంటే 'రెండు రోజులాగండి' అనే జవాబే వస్తుంది. అదే 'ట్రక్ షీట్ వచ్చిందా? మిల్లులో దిగుమతి అయిందా? ఆన్‌లైన్‌లో ఎంట్రీ పడిందా?' అని వరసగా అడిగి చూడండి. ఎక్కడ 'లేదు' అన్నారో, మీ డబ్బులు అక్కడే ఆగాయి!