థాయి భాష నేర్వగోరు విద్యార్థికి వీసా

విదేశవిద్య యనగానే మేడ్చలు, శామీరుపేట ప్రాంతములలోని తల్లిదండ్రుల మనస్సు అమెరికాకో జర్మనీకో పరుగెత్తును. చేలు ప్లాట్లుగా మారిన యీ దినములలో, ఆ సొమ్ములో కొంత పిల్లవాని చదువునకై తీసి యుంచుటయు వాడుకయైనది. అయితే థాయిలాండునకు బోయి ఆ దేశభాషను నేర్చుకొనవచ్చునా, అందులకు వీసా యెట్లు లభించునని మా పై తరగతుల పిల్లలలో కొందరు మమ్మడుగుచున్నారు. ఈ ప్రశ్నకు నవ్వి యూరకుండుట తగదు.

పూర్వము సయామనబడిన ఆ దేశపు భాష మనకు బొత్తిగా పరాయిది కాదు. దాని లిపియు మన లిపివలెనే ప్రాచీన బ్రాహ్మీలిపి సంతతిలోనిది. దక్షిణదేశపు పల్లవలిపి ఖ్మేరు లిపిగా మారి, దానినుండి థాయి లిపి పుట్టినది. అందు 44 హల్లులు గలవు. సంస్కృత, పాలీ పదములు విస్తారము. మన విద్య వారికి 'విత్థయా', ఆచార్యుడు 'ఆచాన్', నగరము 'నఖోన్', భాష 'ఫాసా', విశ్వవిద్యాలయము 'మహావిత్థయాలై'. రథమను మాట 'రొత్' అయి, నేడు వీథిలో బోవు మోటారు బండికి పేరైనది! కాని యిది చూచి సులభమని తలపరాదు. ఆ భాషలో పలుకునకు ఐదు స్వరభేదములు గలవు. 'మా' యను నొక్క శబ్దము సమస్వరమున 'వచ్చుట' యనియు, ఉచ్చస్వరమున 'గుఱ్ఱము' అనియు, క్రిందినుండి పైకి లేచు స్వరమున 'కుక్క' యనియు అర్థమిచ్చును. ఇట్టి భాషను పుస్తకము చూచి నేర్చుట కష్టము. ఆ జనుల నడుమ గురువునొద్ద నేర్చుటయే మేలు. అందుచేతనే విద్యార్థి వీసా అవసరమగుచున్నది.

థాయిలాండు 2024 జూలై 15 నుండి భారతీయ యాత్రికులను వీసా లేకయే 60 దినములు ఉండనిచ్చుట కారంభించెను. ఈ నియమములు తఱచుగా మారుచుండును గావున బయలుదేరుటకు ముందు చూచుకొనవలెను. ఏమైనను అది చూడవచ్చువారికి. ఏడాదిపాటు చదువబూనిన వానికి చాలదు. చదువునకు వేఱుగా 'నాన్ ఇమిగ్రెంట్ ఈ.డి.' అను వీసా కలదు.

దానిని పొందు క్రమమున ముఖ్యమైనది ఒకటే: కాగితము పాఠశాలనుండి పుట్టవలెను. ముందుగా సికింద్రాబాదులోని పాస్‌పోర్టు కార్యాలయము ద్వారా పాస్‌పోర్టు తీసికొని, పిమ్మట పాఠశాల నెన్నుకొనవలెను. 1917లో స్థాపింపబడిన చూలాలాంగ్‌కోర్న్ విశ్వవిద్యాలయమువంటి పెద్ద విద్యాపీఠములును విదేశీయులకు థాయి నేర్పుచున్నవి. ప్రైవేటు భాషాపాఠశాలలును పెక్కులు గలవు. ప్రైవేటు పాఠశాలయైనచో ఆ దేశపు విద్యామంత్రిత్వశాఖ అనుమతి గలదియై యుండవలెను. అది విద్యార్థి దరఖాస్తును ఆ శాఖకు పంపి, అంగీకారపత్రము దెప్పించి యిచ్చును. ఆ పత్రమును, పాఠశాలవారి చేర్పు ఉత్తరమును, బ్యాంకు లెక్కను, ఛాయాచిత్రమును జతచేసి వీసా కోరవలెను. 2025 జనవరి 1 నుండి ఈ దరఖాస్తు ఇంటర్నెట్ ద్వారానే పంపవలసి యున్నది. తెలంగాణమువారి దరఖాస్తులు చెన్నపట్టణములోని థాయి కాన్సులేటునకు జేరును.

ఈ మార్గము మెల్లనిది. పాఠశాల ఉత్తరమునకు కొన్ని వారములు పట్టవచ్చును. ఆ యాలస్యమును సహింపలేనివారికి దళారి ఎదురగును. "ముందు విమానమెక్కుము, చదువు, ఉద్యోగము అక్కడ జూపెదము" అని యతడు చెప్పును. ఇది వట్టి బెదరింపు కాదు. థాయిలాండులో ఉద్యోగములని చెప్పి యువకులను మోసగించుచున్నారని మన విదేశాంగశాఖ 2022 సెప్టెంబరులోనే హెచ్చరించెను. అట్లు పోయినవారిని సరిహద్దు దాటించి, బర్మాదేశములోని మోసపు స్థావరములలో నిర్బంధించి పని చేయించిరి. 2025 మార్చిలో రెండు వాయుసేన విమానములు 549 మందిని వెనుకకు దెచ్చినవి; వారిలో మన తెలుగు పిల్లలును గలరు. కావున తల్లిదండ్రులు అడుగవలసిన ప్రశ్న "ఎంత ఖర్చు?" అనునది కాదు, "ఏ పాఠశాల ఉత్తరము, చూపుము" అనునది. ఉద్యోగము పేర పంపువాడైనచో, 1983 నాటి వలసల చట్టము క్రింద అతనికి నమోదు గలదా యని చూడవలెను. పదవ తరగతి ప్యాసైన వారి పాస్‌పోర్టునకు వలస అనుమతి అక్కఱలేదు గాని, ఆ సౌకర్యము మోసమునుండి కాపాడునది కాదు.

వీసాతో దిగినవానికి మొదట 90 దినముల గడువు దొరకును. పిమ్మట ఇమిగ్రేషను కార్యాలయమున గడువు పొడిగించుకొనవలెను; ఒక్కొక్క పర్యాయమునకు రుసుము 1,900 బాత్‌లు. తరగతులకు హాజరైనట్లు పాఠశాల చీటీ కావలెను. చదువు నెపముగా బెట్టుకొని కాలము గడుపువారు పెరుగుటచేత, కొన్ని సమయములలో ఉద్యోగులు థాయి భాషలోనే ప్రశ్నలు వేయుచున్నారు. నేర్చినవానికి అది భయము గాదు. వేఱుగా అనుమతి లేక కూలికి పనిచేయుట నేరము. గడువు మీఱినచో దినమునకు 500 బాత్‌ల జుల్మానా.

మఱియొక చిన్న విషయము గలదు. అచ్చటి కాగితములపై బౌద్ధశకము వేయుదురు; అది మన క్రీస్తుశకమునకు 543 ఎక్కువ. 2025వ సంవత్సరము వారికి 2568. గడువు తేదీ చదువునప్పుడు దీనిని మఱువరాదు. క్రిస్మసు సెలవులకు ఇంటికి రాదలచినవాడు విమానమెక్కకముందే పునఃప్రవేశపు అనుమతి కొనవలెను. ఒక్క పర్యాయమునకు అది 1,000 బాత్‌లు. లేనియెడల దేశము వదలిన క్షణముననే ఆ విద్యార్థి గడువు రద్దగును. చెన్నపట్టణము దరఖాస్తు మరల మొదటినుండి వ్రాయవలసినదే.