జహీరాబాద్‌లో పుట్టిన బండి: ఆల్విన్ నిస్సాన్ క్యాబ్‌స్టార్

ఆల్విన్ నిస్సాన్ క్యాబ్‌స్టార్ 1980లలో అప్పటి మెదక్ జిల్లా జహీరాబాద్‌లో తయారైన డీజిల్ సరుకు బండి. హైదరాబాద్ ఆల్విన్ సంస్థ జపాన్‌కు చెందిన నిస్సాన్ కంపెనీతో చేతులు కలిపి దీన్ని రోడ్డు మీదికి తెచ్చింది. నిజాం కాలంలో, 1942లో మొదలైన ఆల్విన్‌కు రేకు పనిలో మంచి చెయ్యి ఉండేది. సనత్‌నగర్ కర్మాగారంలో బస్సు బాడీలు, ఫ్రిజ్‌లు తయారయ్యేవి. తర్వాత చేతి గడియారాలు కూడా వచ్చాయి. లారీ తయారీకి దిగడం మాత్రం అన్నిటికంటే పెద్ద సాహసం.

అప్పటిదాకా రైతుకు, చిన్న వ్యాపారికి పెద్ద లారీ, టెంపో, మెటాడోర్ తప్ప దారి లేదు. మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల ద్రాక్ష తోటలు విరివిగా ఉన్న రోజులవి. కోసిన ద్రాక్ష ఎండ ముదరకముందే హైదరాబాద్ చేరాలి. పెద్ద లారీ నిండేదాకా ఆగితే సరుకు చెడుతుంది, మూడు చక్రాల బండి అంత బరువు మోయలేదు. రెండు మూడు టన్నులు వేసుకుని ఇరుకు సందుల్లోనూ తిరగగల క్యాబ్‌స్టార్ ఆ లోటు తీర్చింది. దాని కిటుకు ఇంజను చోటులో ఉంది. ముందు బానెట్ లేకుండా ఇంజనును డ్రైవరు సీటు కింద అమర్చడంతో, అదే పొడవు బండిలో సరుకు తొట్టికి ఎక్కువ జాగా దొరికింది. అందుకు మూల్యం డ్రైవరుకు తగిలే వేడి, మెకానిక్‌కు చెయ్యి దూరని ఇరుకు.

అదే కాలంలో దేశంలో మరో మూడు జపాన్ పొత్తులు కుదిరాయి: డీసీఎం టొయోటా, స్వరాజ్ మాజ్దా, ఐషర్ మిత్సుబిషి. నాలుగూ మొదట్లో జపాన్ నుంచి వచ్చే విడిభాగాల మీదే ఆధారపడ్డాయి. 1985 సెప్టెంబరులో న్యూయార్క్ ప్లాజా హోటల్‌లో ఐదు సంపన్న దేశాలు డాలరు విలువ తగ్గించాలని ఒప్పందం చేసుకున్నాయి. అప్పుడు డాలరుకు 240 యెన్లు. 1988 నాటికి అది 120 దరిదాపులకు వచ్చింది. యెన్ బలపడేకొద్దీ విడిభాగాల ఖరీదు పెరిగిపోయింది. పైగా 1986లో టాటా 407 వచ్చింది, దాని భాగాలు ఎక్కువగా ఇక్కడివే. బండి నాసిరకం కావడం వల్ల ఆల్విన్ దెబ్బతినలేదు. ఎక్కడో కుదిరిన కరెన్సీ ఒప్పందం జహీరాబాద్ లెక్కలను తలకిందులు చేసింది. 1989లో మహీంద్రా ఆల్విన్ నిస్సాన్ కంపెనీని తీసుకుంది, 1990ల నడుమ తనలో కలిపేసుకుంది. జహీరాబాద్ ప్లాంటులో వాహనాల తయారీ మాత్రం ఆగలేదు.

ఆ కాలపు బండి ఎక్కడైనా దొరికితే, దాన్ని ఇంటి దగ్గర బాగుచేసి తిరిగి నిలబెట్టడానికి మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతం అనువైనదే. షెడ్డు వేసుకునేంత ఖాళీ స్థలం ఇంకా దొరుకుతుంది, లేత్ పనికి జీడిమెట్ల దగ్గర్లోనే ఉంది. అయితే చాలామంది చేసే పొరపాటు ముందు ఇంజను స్టార్ట్ చేయాలని చూడటం. మొదట చూడాల్సింది ఛాసిస్. కమాన్ పట్టీల బ్రాకెట్ల చుట్టూ, రివెట్ల పక్కన ఉండే సన్నని పగుళ్లు మట్టిలో కనిపించవు. ఆ చోటును లోహం తేలేదాకా శుభ్రం చేసి, పగుళ్లు పట్టే ఎర్ర రంగు ద్రవం పూసి, కాసేపాగి తుడిచి, పైన తెల్ల పొడి ద్రావణం చల్లితే, పగులు ఉన్నచోట ఎర్ర గీత పైకి తేలుతుంది. పగులును అతికించడం అనుభవమున్న వెల్డరు పని. ఛాసిస్ పై అంచు, కింది అంచుల మీద కొత్తగా రంధ్రాలు వేయకూడదు. బరువుకు ఎక్కువ లాగుడు, నొక్కుడు పడేది అక్కడే.

క్యాబిన్ నేల రేకును రబ్బరు మ్యాట్ కింద నిలిచిన నీరు తినేస్తుంది. తుప్పు అసలు లోహం కంటే రెండింతలకు పైగా జాగా తీసుకుంటుంది, అందుకే రెండు రేకులు కలిసే అతుకుల్లో అది లోపలినుంచి ఉబ్బి రేకులను విడదీస్తుంది. అలాంటి చోట పైన పుట్టీ పెట్టి రంగు కొట్టడం మోసపోవడమే. పుచ్చిన ముక్కను కోసి కొత్త రేకు అతకాలి. వానాకాలంలో ఈ పని పెట్టుకోకపోవడం మంచిది, రుద్ది తెరిచిన ఇనుముకు పూటలోనే తుప్పు పడుతుంది. దసరా తర్వాత మొదలుపెట్టి, రుద్దిన రోజే ప్రైమర్ వేయడం మేలు.

తర్వాత బ్రేకులు. చక్రాల దగ్గరున్న సిలిండర్లలో రబ్బరు కప్పులు ఏళ్ల తరబడి కదలక గట్టిపడతాయి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ వరకు మరగదు. తేమ పట్టాక ఆ హద్దు 140కి పడిపోవచ్చు. బరువుతో దిగువకు పోయే బండిలో ఆ ఆయిల్ ఆవిరైతే పెడల్ నేలకు తగులుతుంది, బండి ఆగదు. కప్పులను పెట్రోలుతో కడగకూడదు, రబ్బరు ఉబ్బిపోతుంది.

డీజిల్ ఇంజనులో స్పార్క్ ప్లగ్గు ఉండదు. పిస్టన్ గాలిని దాదాపు 20వ వంతుకు నొక్కినప్పుడు పుట్టే 500 డిగ్రీలకు పైబడిన వేడికే డీజిల్ అంటుకుంటుంది. రింగులు అరిగితే ఆ నొక్కుడు తగ్గుతుంది, చలి ఉదయాల్లో బండి మొరాయిస్తుంది. నడిచే ఇంజనులో ఆయిల్ మూత తీయగానే పొగ చిమ్మితే రింగులో, సిలిండరో అరిగినట్టు. ఏళ్లుగా తిరగని ఇంజనుకైతే నాజిళ్లు విప్పి, పలుచని ఆయిల్ పోసి రాత్రంతా నాననిచ్చి, ముందు పానాతో చేత్తోనే తిప్పాలి. ఇంట్లో ముట్టుకోకూడనిది ఇంజెక్షన్ పంపు. దాని లోపలి ప్లంజర్‌కు, బ్యారెల్‌కు మధ్య సందు రెండు మూడు మైక్రాన్లే, అంటే తలవెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు. ఒక్క దుమ్ము రేణువు చాలు పాడుచేయడానికి. దాన్ని పంపు కాలిబ్రేషన్ షాపుకు ఇవ్వాల్సిందే.

విడిభాగాల విషయంలో దిగులు పడనవసరం లేదు. కంపెనీ పోయినా కొలతలు పోలేదు. బేరింగు మీద చెక్కిన నంబరును బట్టి ఏ కంపెనీది కొన్నా సరిపోతుంది: 6205 అంటే లోపలి వ్యాసం 25 మిల్లీమీటర్లు, బయటిది 52, వెడల్పు 15, ప్రపంచంలో ఎక్కడ కొన్నా అంతే. ఆయిల్ సీళ్లకూ కొలతే ఆధారం. దొరకని బుష్‌ను పాత దాన్ని నమూనాగా చూపి లేత్ మీద చేయించవచ్చు. నిజంగా కష్టమయ్యేవి అద్దాలు, దీపాల చట్రాలు, డోర్ రబ్బర్లు. పాత సామాను కొట్లలో కనిపిస్తే అవసరం లేకున్నా కొని పెట్టుకోవడం తెలివైన పని.

చట్టం వైపు నుంచి ఒక చిక్కుంది. 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనలు 50 ఏళ్లు దాటిన, సొంతానికి వాడే ద్విచక్ర వాహనాలకు, ప్రయాణికుల కార్లకే వర్తిస్తాయి. సరుకు బండ్లకు ఆ వెసులుబాటు లేదు. కాబట్టి క్యాబ్‌స్టార్ రోడ్డెక్కాలంటే మామూలు సరుకు వాహనంలాగే ఏటా ఫిట్‌నెస్ పాసవ్వాలి. పని మొదలుపెట్టకముందే ఛాసిస్ నంబరు ఆర్‌సీతో సరిపోతోందా, రిజిస్ట్రేషన్ ఇంకా చెల్లుతోందా అని మేడ్చల్ ఆర్‌టీఏ కార్యాలయంలో చూసుకోవాలి. నంబరు రద్దయిన బండి అయితే అది ఆవరణ లోపలే తిరగాలి.