క్రూజ్‌ కంట్రోల్‌కు క్లచ్చే కళ్లెం

ఒకప్పుడు ఖరీదైన ఆటోమేటిక్‌ కార్లకే పరిమితమైన క్రూజ్‌ కంట్రోల్‌ ఇప్పుడు మధ్యతరగతి కుటుంబాలు కొనే మాన్యువల్‌ గేర్ల కార్లలోనూ లభిస్తోంది. హైదరాబాద్‌-విజయవాడ 65వ నంబరు జాతీయ రహదారిపైనా, కర్నూలు, అనంతపురం మీదుగా బెంగళూరు వెళ్లే 44వ నంబరు రహదారిపైనా గంటల తరబడి కారు నడిపేవారికి కుడికాలి నొప్పి తప్పించే సదుపాయమిది. అయితే కారు అప్పగించే వేళ దీని గురించి చెప్పేది రెండు ముక్కలే. గేర్లు చేత్తో మార్చే కారులో ఇది ఎలా పనిచేస్తుంది? క్లచ్‌ నొక్కితే ఏమవుతుంది? ఘాట్‌ రోడ్డులో వాడవచ్చా? చాలామందికి ఈ సందేహాలు అలాగే మిగిలిపోతున్నాయి.

అంధుడి ఆలోచన

కారు వేగాన్ని నిలకడగా ఉంచే ఈ పరికరాన్ని రూపొందించినది కారు నడపలేని వ్యక్తి కావడం విశేషం. అమెరికాకు చెందిన ఇంజినీరు రాల్ఫ్‌ టీటర్‌ బాల్యంలోనే చూపు కోల్పోయారు. పక్కన కూర్చొని ప్రయాణించే ఆయనకు వేగంలోని హెచ్చుతగ్గులు కుదుపుల రూపంలో తెలిసేవి. 1950లో ఆయన పరికరానికి పేటెంటు లభించింది. 1958లో క్రైస్లర్‌ సంస్థ తన ఇంపీరియల్‌ కార్లలో దీనిని ప్రవేశపెట్టింది.

పనితీరు ఇదీ

చక్రాలు ఎంత వేగంగా తిరుగుతున్నాయో సెన్సర్లు కంప్యూటరుకు నిరంతరం తెలుపుతుంటాయి. డ్రైవరు స్టీరింగుపై ఉన్న ‘సెట్‌’ మీట నొక్కిన క్షణంలో ఉన్న వేగాన్ని కంప్యూటరు గుర్తుంచుకుంటుంది. వేగం తగ్గితే ఇంజినుకు శక్తి పెంచుతుంది, మించితే తగ్గిస్తుంది. సాధారణంగా గంటకు 40 కిలోమీటర్లు, ఆపైన మాత్రమే ఇది పనిచేస్తుంది. ఇక్కడ ఒక విషయం గ్రహించాలి. సాధారణ క్రూజ్‌ కంట్రోల్‌ చేతిలో ఉండేది యాక్సిలరేటరు ఒక్కటే. గేరు మార్చడం, ఎదుటి వాహనాన్ని చూసి బ్రేకు వేయడం దాని పని కాదు.

క్లచ్‌ తొక్కగానే రద్దు

మాన్యువల్‌ కారులో అసలు చిక్కు ఇక్కడే ఉంది. క్లచ్‌ తొక్కితే ఇంజినుకూ చక్రాలకూ సంబంధం తెగిపోతుంది. కారు వేగం తగ్గుతున్నదని భావించిన కంప్యూటరు ఇంజినుకు మరింత శక్తినిస్తుంది. మోయవలసిన భారం లేని ఇంజిను ఒక్కసారిగా హోరెత్తుతుంది. దీనిని నివారించేందుకే బ్రేకు పెడల్‌ వద్ద ఉన్నట్టే క్లచ్‌ పెడల్‌ వద్ద కూడా ఒక చిన్న స్విచ్‌ అమర్చారు. కాలు ఆనించగానే క్రూజ్‌ రద్దవుతుంది. కొన్ని కొత్త మోడళ్లలో మాత్రం పైగేరుకు త్వరగా మారితే క్రూజ్‌ కొనసాగుతుంది. మీ కారు ఏ కోవకు చెందినదో యజమాని కరదీపికలో చూసుకోవాలి.

ఎడమకాలిని క్లచ్‌పై ఆనించి ఉంచే అలవాటు ఉన్నవారికి క్రూజ్‌ పదే పదే ఆగిపోతుంటుంది. మెకానిక్కు వద్దకు పరుగెత్తే ముందు కాలిని పక్కనున్న ఫుట్‌రెస్టుపైకి మార్చి చూడటం మేలు. క్లచ్‌ తొక్కకుండా గేరును న్యూట్రల్‌లోకి లాగడం మరీ ప్రమాదం. స్విచ్‌కు సంగతి తెలియదు గనుక కొన్ని కార్లలో ఇంజిను హోరు తప్పదు.

‘రెజ్యూమ్‌’తో జాగ్రత్త

ఉదాహరణకు అయిదో గేరులో 80 కిలోమీటర్ల వద్ద క్రూజ్‌ పెట్టారనుకుందాం. టోల్‌ప్లాజా దాటాక రెండో గేరులోనో, మూడో గేరులోనో 45 కిలోమీటర్ల వేగంతో వెళ్తూ ‘రెజ్యూమ్‌’ నొక్కితే కంప్యూటరు పాత వేగాన్ని అందుకోవడానికే చూస్తుంది. గేరు చిన్నది కావడంతో ఇంజిను అరుస్తుంది. అలా కాక అదే 45 వద్ద అయిదో గేరులో ఉండి నొక్కితే ఇంజిను లాగలేక కుదుపులతో మూలుగుతుంది. తరచూ ఇలా జరిగితే ఇంజినుపై భారం పడుతుంది. కనుక కోరిన వేగానికి దగ్గరగా వచ్చి, తగిన గేరు వేశాకే మీట నొక్కాలి.

ముందున్న వాహనాన్ని దాటేందుకు యాక్సిలరేటరు తొక్కితే క్రూజ్‌ రద్దు కాదు. కాలు తీయగానే కారు సెట్‌ చేసిన వేగానికే వచ్చి అక్కడ నిలుస్తుంది. కాలు తీశాం కదా, కారు నెమ్మదిస్తూనే ఉంటుందన్న భ్రమలో ఉంటే ముప్పే.

ఘాట్‌లో, వానలో వద్దు

ఎత్తు ఎక్కేటప్పుడు ఆటోమేటిక్‌ కారు తానే కిందిగేరుకు మారుతుంది. మాన్యువల్‌లో ఆ పని మనదే. ఇంజిను మూలుగు వినిపిస్తే క్లచ్‌ తొక్కి గేరు తగ్గించవలసిందే. దిగేటప్పుడు సాధారణ క్రూజ్‌ బ్రేకు వేయదు కాబట్టి కారు సెట్‌ చేసిన వేగాన్ని మించిపోతుంది. తిరుమల, శ్రీశైలం, అరకు వంటి మలుపుల దారుల్లో దీనిని పూర్తిగా కట్టివేసి, తక్కువ గేరులో ఇంజినునే బ్రేకుగా వాడుకుంటూ దిగాలి.

వానలోనూ అంతే. నిలిచిన నీటిపై టైర్లు పట్టు కోల్పోయినప్పుడు డ్రైవరైతే వెంటనే యాక్సిలరేటరుపై కాలు సడలిస్తాడు. క్రూజ్‌ మాత్రం వేగం నిలిపే ప్రయత్నంలోనే ఉంటుంది. ఇక మన రహదారుల సంగతి తెలిసిందే. మలుపు తిరిగితే ఆగి ఉన్న లారీ, ఎదురుదిశలో వచ్చే ద్విచక్రవాహనం, కోతల కాలంలో రోడ్డుపై ఆరబోసిన ధాన్యం, దాని చుట్టూ పేర్చిన రాళ్లు. పాదాన్ని బ్రేకుకు దూరంగా మడిచి కూర్చున్నవారికి వీటిని తప్పించుకునే వ్యవధి ఉండదు. నిద్ర ముంచుకొచ్చే తెల్లవారుజామున కాలికి పని లేకపోవడం మరో ముప్పు.

చదునైన, ఖాళీ రహదారిపై పైగేరులో వాడితే అనవసరంగా వేగం పెంచడం, తగ్గించడం ఉండదు కాబట్టి ఇంధనం కొంత ఆదా అవుతుంది. ఎగుడుదిగుళ్ల దారిలో ఆ లాభం ఉండకపోవచ్చు. 2019 జులై నుంచి తయారైన కార్లలో 80 కిలోమీటర్లు దాటితే ఉండి ఉండి, 120 దాటితే ఆగకుండా హెచ్చరిక మోగుతుంది. ఆ మోత వద్దనుకుంటే 80కి కాస్త తక్కువలోనే సెట్‌ చేసుకోవచ్చు.

క్రూజ్‌ లేని కార్లకు బయట కిట్‌లు బిగిస్తున్నారు. వాటిని అమర్చుకునేవారు బ్రేకు స్విచ్‌తో పాటు క్లచ్‌ స్విచ్‌ తీగ కూడా కలిపారో లేదో స్వయంగా పరీక్షించాలి. ఖాళీ రోడ్డుపై 50 కిలోమీటర్ల వద్ద క్రూజ్‌ పెట్టి క్లచ్‌ను మెల్లగా తాకాలి. డ్యాష్‌బోర్డుపై దీపం ఆరకపోయినా, ఇంజిను హోరు పెరిగినా ఆ కిట్‌ను వెంటనే కట్టేసి, సరిచేయించేవరకు వాడరాదు. తయారీ సంస్థ వారంటీకి అడ్డు వస్తుందేమో కూడా బిగించక ముందే అడిగి తెలుసుకోవాలి.