చీకట్లో జంతికలు

రాత్రి పదిన్నర దాటాక, వంటింట్లో లైటు వెయ్యకుండా, స్టీలు డబ్బా మూత చప్పుడు కాకుండా తియ్యడం అందరివల్లా అయ్యే పని కాదు. మూత వచ్చాక అసలు కష్టం మొదలవుతుంది. జంతిక కొరికితే పక్కగదిలోకి వినిపిస్తుంది. అందుకని ముక్క నోట్లో పెట్టుకుని, కాస్త నానేదాకా ఓపిక పట్టి, అప్పుడు నమలాలి. మొన్న జనవరిలో ఈ విద్యలో నేను ఆరితేరిపోయాననే అనుకున్నాను. ఒక రాత్రి పడగ్గదిలోంచి మా ఆవిడ గొంతు వినిపించింది. "అవి కూడా ఆ యాప్‌లో రాసుకోండి."

రాసుకోలేదు. ఆ యాప్ గోలేమిటో ముందు చెప్పాలి.

కొత్త సంవత్సరం మొదట్లో ఇక్కడ డాలస్‌లో మామూలుగా చేయించుకునే రక్తపరీక్షల్లో నా మూడునెలల షుగరు 6.0 వచ్చింది. 5.7 నుంచి ప్రీడయాబెటిస్ అంటారు, 6.5కి చేరితే ఇంక పేరు మార్చేస్తారు. నాకు 36 ఏళ్ళు, ఐదడుగుల ఎనిమిది అంగుళాలు, 89 కిలోలు. బీఎంఐ లెక్క కడితే 30కి వెంట్రుకవాసి దూరం. ఇక్కడి చార్టులో 25 దాటితేనే ఎక్కువ బరువు. మన దక్షిణాసియా వాళ్ళకి 23 నుంచే జాగ్రత్త మొదలుపెట్టాలని డాక్టరు చెప్పింది. మా నాన్నగారికి నలభై రెండో ఏట షుగరు వచ్చింది. ఆయన పోయి రెండేళ్ళయింది. ఇన్సులిన్ ముందు రాసుకునే స్పిరిట్ వాసన నాకింకా ముక్కుకి తగులుతూనే ఉంటుంది. కాబట్టి భయపడ్డాను, బాగానే భయపడ్డాను.

భయపడ్డ ఇంజనీరు ఏం చేస్తాడు? స్ప్రెడ్‌షీట్ తెరుస్తాడు. ఒక పౌను కొవ్వంటే సుమారు 3500 కేలరీలు. వారానికి రెండు పౌన్లు తగ్గాలంటే రోజుకి వెయ్యి కోత. కుర్చీలో కూచుని చేసే ఉద్యోగానికి నా ఒంటికి కావలసింది 2150 దాకా. అందులోంచి వెయ్యి తీసేస్తే 1150. యాప్ కూడా జాలిపడి, మగవాళ్ళకి 1500 కన్నా తక్కువ ఇవ్వనని మొండికేసింది. సరే, 1500కి ఒప్పుకున్నాను. ఈ లెక్కంతా కాగితం మీద ముచ్చటగా ఉంది. ఆకలి మాత్రం ఏ గడిలోనూ లేదు.

పొద్దున్న కాఫీ, మధ్యాహ్నం ఆకులూ అలములూ, సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఇంకా ఎనిమిదొందలు మిగిలాయని గర్వం. రాత్రి రెండు పుల్కాలు, ఇంత కూర. పదింటికి హైదరాబాద్ టీముతో కాలు. అక్కడ తొమ్మిదిన్నర, వాళ్ళు టిఫిన్లు చేసి కూచుంటారు. ఒకడు మైకు ఆపడం మర్చిపోయి దోసె నములుతుంటాడు. కాలు అయ్యాక నా కాళ్ళు వాటంతటవే వంటింటి వైపు నడిచేవి. ఆరు వారాల్లో తగ్గింది ఒక్క కిలో. యాప్ ప్రకారం మూడున్నర తగ్గాలి.

ఇంకో పొరపాటు కూడా చేశాను, ఎవరైనా కొత్తగా మొదలుపెడుతుంటే పనికొస్తుందని చెబుతున్నాను. నూరు గ్రాముల బియ్యం 350 కేలరీల పైచిలుకు. అదే ఉడికాక నూరు గ్రాముల అన్నం 130 మాత్రమే, మిగతాది నీళ్ళ బరువు. నేను అన్నం తూచి బియ్యం పేరు మీద రాసుకున్నాను. అంటే పాపం అన్నం లెక్కలో రెండింతల పైన మోసపోయి, కడుపు మాడ్చుకున్నాను. పోపులో వేసిన నూనె మాత్రం ఒక్కరోజూ రాయలేదు. పెద్ద చెంచాడు నూనె 120 కేలరీలు. మా ఇంట్లో పోపు ఒక చెంచాతో ఆగదు.

మార్చిలో అమ్మ వచ్చింది. మండపేట నుంచి రెండు సూట్‌కేసులు, అందులో సున్నుండలు, కందిపొడి, కొత్త జంతికలు. మర్నాడు మధ్యాహ్నం నేను కంచాన్ని త్రాసు మీద పెట్టి అన్నం వడ్డించుకుంటుంటే నిలబడి చూసింది.

"ఏరా, బంగారం తూస్తున్నావా?"

"బరువు తగ్గాలి కదమ్మా."

"నేను పెట్టిన అన్నం తూచి తింటావా నువ్వు?"

మా ఆవిడ మధ్యలోకి వచ్చి, "అత్తయ్యగారూ, పగలంతా ఇలాగే. రాత్రి చూడండి అసలు కథ," అని నా పరువు తీసింది. అమ్మ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. చేతిలో గరిటె అలాగే పట్టుకుని కుర్చీలో కూచుంది.

"మీ నాన్నగారూ ఇంతేరా. షుగరొచ్చిన దగ్గర్నుంచీ ఇంట్లో తీపన్నది కనపడనీకుండా డబ్బాలన్నీ అటక మీద దాచేశాను. ఆయనా ఒక్కరోజు అడగలేదు. నేనెంత మురిసిపోయానో. పోయాక స్కూటరు అమ్మేద్దామని డిక్కీ ఖాళీ చేస్తే, అడుగున అన్నీ కాజా కట్టిన కాగితాలే. నూనెతో నానిపోయి ఉన్నాయి."

మాకు తాపేశ్వరం పక్కనే. స్కూటరు మీద ఎంతసేపు కనక.

"నా ఎదురుగా ఒకటి తిననిస్తే ఒకటితో ఆగేవారేమో. దాచేసరికి ఎన్ని తిన్నారో నాకే తెలీకుండా పోయింది," అంది.

నేనేమీ అనలేకపోయాను. లాగ్‌లో లేని బగ్గుని పట్టుకోలేమని ఆఫీసులో కొత్తగా చేరిన పిల్లలకి పాఠాలు చెప్పేది నేనే.

ఆ రాత్రి కూచుని జనవరి నుంచి చీకట్లో తిన్నవన్నీ గుర్తొచ్చినంతవరకు రాశాను. వేయించినవి నూరు గ్రాములకి ఐదొందల కేలరీలు దాటతాయి. గుప్పెడు గుప్పెడు అనుకుంటూ రోజూ నేను చేసిన కోతంతా నేనే పూడ్చేస్తున్నాను. ఇంకొకటి కూడా కనిపించింది. మధ్యాహ్నం పప్పూ అన్నమో, గుడ్లో తిన్న రోజు రాత్రి దొంగతనాలు దాదాపు లేవు. ఆకులు తిన్న రోజు తప్పకుండా ఉన్నాయి. తప్పు నా నాలుకదే అనుకున్నాను ఇన్నాళ్ళూ, సగం తప్పు 1500దే.

దాన్ని 1800 చేశాను. వారానికి పౌను కూడా తగ్గవు, లెక్క తెలుసు. రాత్రి భోజనం అయ్యాక అరగంట నడక కలిపాను. అమ్మ త్రాసుని అల్మరాలో పెట్టేసి, సూట్‌కేసులోంచి తన గిద్దె తీసింది. ఎందుకు తెచ్చుకుందో అడక్కండి, ఆవిడ లేకుండా ఎసరు పెట్టదు. మనిషికింతని బియ్యం కొలిచి పోస్తుంది, నేను దాన్ని ఒక్కసారి తూచి రాసిపెట్టుకున్నాను, ఇంక రోజూ తూచే పని లేదు. ముద్దపప్పు గట్టిగా, నెయ్యి చిన్న చెంచాడు. జంతికలు సాయంత్రం అయిదింటికి, టీతో, కంచంలో రెండు, అందరి ఎదురుగా, కరకరమని చప్పుడు చేస్తూ. నానబెట్టక్కర్లేని జంతిక రుచి మర్చిపోయాన్రా బాబూ.

రాత్రి కాలు తర్వాత మాత్రం ఇంకా లాగుతుంది. దానికి అమ్మ మందు, పల్చటి మజ్జిగలో ఉప్పు, దంచిన అల్లం, కరివేపాకు. పెద్ద గ్లాసుడు మెల్లిగా తాగి పావుగంట కూచుంటే చాలాసార్లు ఆ లాగుడు పోతుంది. పోని రోజు ఒక సున్నుండ తింటాను. లైటు వేసుకుని తింటాను, రాస్తాను. ఉగాది నెలలో పాట్‌లక్కులూ బిరియానీలూ కలిసి అరకిలో పెరిగింది. అదీ రాశాను.

ఆగస్టు చివరికి 84. మళ్ళీ పరీక్ష అక్టోబరులో. అమ్మ మొన్న వెళ్ళిపోయింది. వెళ్ళేముందు జంతికల డబ్బాని పై అరలోంచి తీసి, భోజనాల బల్ల మీద ఉప్పుడబ్బా పక్కన పెట్టింది. గిద్దె కూడా మాకే వదిలేసి, "మండపేటలో ఇంకోటి కొనుక్కుంటాలే," అంది.

ఇవాళ్టి లెక్కలో ఇంకా 130 మిగిలాయి. పదింటికి కాలు. మజ్జిగకి అల్లం దంచాలి.