ఖాళీ కుర్చీల లెక్క

పిల్లలూ, మధ్యాహ్నం అన్నం బెల్లు కొట్టగానే మీ బడిలో కుళాయిల దగ్గర తొక్కిడి అవుతుందా? మా బడిలో అయ్యేది. నేను హెడ్మాస్టరుగా పనిచేసిన ఆఖరి బడి అది. మూడు వందల యాభైమంది పిల్లలకు నాలుగు కుళాయిలు. బెల్లు మోగిందంటే చాలు, కంచాలు పట్టుకుని అందరూ ఒక్కసారిగా అక్కడికి పరుగెత్తేవాళ్ళు. పెద్ద తరగతులవాళ్ళు ముందు నిలబడితే చిన్నవాళ్ళు చేతులు కడుక్కోకుండానే వెళ్ళి అన్నానికి కూర్చునేవాళ్ళు. ఒకనాడు ఆరో తరగతి కుర్రవాడొకడు తడి గచ్చు మీద జారిపడి గడ్డం చీల్చుకున్నాడు.

ఇంకో ఆరు కుళాయిలు వేయిస్తే పీడ విరగడవుతుందనుకున్నాను. అందుకు డబ్బు ఇస్తానని మా బడిలో చదువుకున్న పెద్దమనిషి ఒకాయన ముందుకు వచ్చాడు కూడా. ప్లంబరు వచ్చి గోడ కొలుచుకుపోయాడు. అప్పుడు ఏడో తరగతి పిల్ల ఒకతె నా గదిలోకి వచ్చి, "మాస్టారూ, ఉన్న నాలుగు కుళాయిలూ రోజంతా ఖాళీగానే ఉంటున్నాయండీ!" అన్నది.

నాకు కాస్త కోపం వచ్చిన మాట నిజమే. "అయితే లెక్కపెట్టి చూపించు," అన్నాను.

ఆ పిల్ల ఊరుకునే రకం కాదు. ఇంకో ముగ్గురిని జతచేసుకున్నది. నలుగురూ వంతులు వేసుకుని, ఆటల పీరియడులోనూ, విరామాల్లోనూ వేపచెట్టు కింద కూర్చుని, కుళాయి దగ్గరికి వచ్చిన ప్రతి మనిషికీ నోటుపుస్తకంలో ఒక గీత గీశారు. మిగిలిన వేళల్లో డ్రిల్లు మాస్టారు గీశాడు. అయిదు నిమిషాలకొక గడి. అలా ఒక వారం గడిచింది.

పుస్తకం తెరిచి చూస్తే ఏమున్నదనుకున్నారు? పొద్దుటినుంచీ ప్రతి గడిలోనూ రెండో మూడో గీతలు. కొన్ని గడుల్లో అవీ లేవు. అన్నం బెల్లు తరవాత రెండే రెండు గడుల్లో మటుకు గీతలు పట్టక పక్క పేజీలోకి పోయాయి! అంటే మా కుళాయిలు చాలకపోవటమన్నది రోజు మొత్తం మీద పది నిమిషాల సంగతి. అందరికీ ఒకే బెల్లు కొట్టటం వల్ల వచ్చిన చిక్కు అది. మర్నాటినుంచీ ఆరు, ఏడు తరగతులకు అయిదు నిమిషాలు ముందూ, తొమ్మిది, పది తరగతులకు అయిదు నిమిషాలు వెనకా వదిలిపెట్టాం. తొక్కిడి తగ్గింది. కుళాయిల డబ్బుతో ఫ్యాన్లు వేయించాం.

తిరుమలలో దర్శనానికి టైము వేసి టోకెన్లు ఇవ్వటంలో ఉన్న కిటుకు కూడా ఇదే. గుడిని పెంచటం కుదరదు, కాని వచ్చేవాళ్ళను వేళల వారీగా విడదియ్యవచ్చు.

ఆ నోటుపుస్తకం చివర ఇంకో పేజీ కూడా ఉన్నది. దాని మీద "లైబ్రరీ గది" అని రాసి, కింద వరసగా సున్నలు చుట్టారు. "ఇదేమిటర్రా, మన పిల్లలకు పుస్తకాలంటే ఇష్టం లేదా?" అని అడిగాను. నలుగురూ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. చివరకు ఆ పిల్లే చెప్పింది: "తాళంచెవి మీ సొరుగులో ఉన్నదండీ."

ఇది చిన్న బడి సంగతి. పెద్ద పెద్ద ఆఫీసుల్లో కూడా ఇటువంటి లెక్క తప్పుతూనే ఉంటుంది. వెయ్యిమంది పనిచేసే ఆఫీసుకు వెయ్యి బల్లలూ, వెయ్యి కుర్చీలూ, వాటికి తగినన్ని గదులూ కట్టటం మామూలు. కాని ఏ రోజు చూసినా కొందరు సెలవులో ఉంటారు, కొందరు క్యాంపులకు పోతారు, కొందరు ఇంటినుంచే పనిచేస్తారు, మరి కొందరు మీటింగు గదుల్లో ఉంటారు. ఆ ఖాళీ కుర్చీల మీద కూడా దీపాలు వెలుగుతూనే ఉంటాయి, చల్లగాలి వీస్తూనే ఉంటుంది. అదే సమయంలో పక్క గదిలో చోటు చాలక పదిమంది నిలబడి మాట్లాడుకుంటూ ఉంటారు. ఇదంతా ఎవరు లెక్కపెడతారు? వేపచెట్టు కింద మా పిల్లలు కూర్చున్నట్టు ప్రతి అంతస్తులోనూ ఒకణ్ణి పెన్సిలిచ్చి కూర్చోబెట్టలేం గదా! అందుకని ఆ పని యంత్రాలకు అప్పగించారు.

ఆ యంత్రాల పేరు సెన్సార్లు. బ్యాంకుల్లోనూ, పెద్ద హోటళ్ళలోనూ కప్పుకు తెల్లటి చిన్న బుడిపె ఒకటి అంటించి ఉండటం మీరు చూసే ఉంటారు. మనం గదిలో అడుగు పెట్టగానే దీపం దానంతట అదే వెలుగుతుంది. బుడిపెకు కళ్ళు లేవు. మరి మనం వచ్చినట్టు దానికి ఎలా తెలిసింది?

మన ఒళ్ళు వెచ్చగా ఉంటుంది గదా. వెచ్చని వస్తువు ఏదైనా సరే, కంటికి కనిపించని ఒకరకం కిరణాలను వెదజల్లుతుంది. వాటిని పరారుణ కిరణాలంటారు. బుడిపె లోపల చిన్న స్ఫటికపు ముక్కలు రెండు పక్కపక్కన ఉంటాయి. ఈ కిరణాలు తగిలి వేడి మారినప్పుడల్లా వాటిలో చిటికెడు విద్యుత్తు పుడుతుంది. గది ఖాళీగా ఉంటే రెండూ ఒకేలా ఉంటాయి. మనిషి నడిచినప్పుడు అతని వేడి ముందు ఒక ముక్కకు తగిలి, తరవాత రెండోదానికి తగులుతుంది. ఆ తేడాను బట్టి "ఎవరో కదిలారు" అని బుడిపె గ్రహిస్తుంది. ఇందులో తమాషా ఏమిటంటే, మీరు కదలకుండా కూర్చుని చదువుకుంటున్నారనుకోండి, అది గది ఖాళీ అనుకుని దీపం ఆర్పేస్తుంది! చెయ్యి ఒకసారి ఊపితే మళ్ళీ వెలుగుతుంది. బాగా చదువుకునేవాళ్ళకు ఇదొక శిక్ష.

ఇంకోరకం సెన్సారు మన ఊపిరిని చూస్తుంది. బయటి గాలిలో పది లక్షల పాళ్ళకు సుమారు 420 పాళ్ళు బొగ్గుపులుసు గాలి ఉంటుంది. మనం వదిలే ఊపిరిలో అదే 40 వేల పాళ్ళ దాకా ఉంటుంది. తలుపులు మూసిన గదిలో చాలామంది కూర్చుంటే ఆ అంకె పెరుగుతూ పోయి వెయ్యి దాటుతుంది. ఈ సెన్సారు గాలిలోకి పరారుణ కిరణాలు పంపి, వాటిలో ఎంత భాగాన్ని ఆ గాలి మింగిందో కొలుస్తుంది. దాన్ని బట్టి గదిలో జనం పలచగా ఉన్నారో కిక్కిరిసి ఉన్నారో ఊహించవచ్చు, కిటికీ తెరవవలసిన వేళ అయిందో లేదో కూడా తెలుసుకోవచ్చు.

తలుపు దగ్గర పెట్టేవి మరీ సులువు. గుమ్మానికి అడ్డంగా రెండు కిరణాలు, జానెడు ఎడంలో. ముందు బయటి కిరణం, తరవాత లోపలి కిరణం తెగితే ఒకరు లోపలికి వచ్చినట్టు. తిరగబడితే వెళ్ళినట్టు.

ఇవన్నీ చెప్పేది చివరకు రెండే మాటలు: "ఉన్నారు", "లేరు". కంప్యూటరుకు అచ్చంగా కావలసింది కూడా ఇదే. "ఉన్నారు" అంటే 1, "లేరు" అంటే 0. ఇలా అంకెలుగా మార్చి దాచిన సమాచారాన్ని డిజిటల్ సమాచారమంటారు. మా పిల్లల నోటుపుస్తకంలో గీత ఉంటే 1, గడి ఖాళీగా ఉంటే 0 అనుకోండి. తేడా అల్లా ఏమిటంటే, యంత్రం రాత్రీ పగలూ అలసట లేకుండా, కొన్ని వేల చోట్ల ఒకేసారి గీతలు గీస్తుంది.

హాలండు దేశంలో ఆమ్‌స్టర్‌డామ్ నగరం ఉన్నది. అక్కడ 2014లో "ది ఎడ్జ్" అనే ఆఫీసు భవనం కట్టటం పూర్తయింది. డెలాయిట్ అనే పెద్ద కంపెనీ అందులో చేరింది. ఆ భవనంలో 28 వేల సెన్సార్లు అమర్చారు. చాలా సెన్సార్లు దీపాలలోనే ఉన్నాయి. కదలిక, వెలుతురు, వేడి, గాలిలో తేమ — అన్నిటినీ అవి కనిపెడతాయి. అక్కడ పనిచేసేవాళ్ళు సుమారు 2,500 మంది. బల్లలు మాత్రం సుమారు వెయ్యి! "ఇది నా కుర్చీ" అనే హక్కు ఎవరికీ లేదు. పొద్దున్నే వచ్చినవాడు తన సెల్‌ఫోను చూసుకుంటే, ఆ రోజు అతను చెయ్యవలసిన పనిని బట్టి ఎక్కడ కూర్చోవచ్చునో అది చెబుతుంది. జనం తక్కువగా వచ్చే రోజున ఒక భాగాన్ని మొత్తంగా మూసివేసి, అక్కడి దీపాలూ, వేడీ, ఊడ్చే పనీ ఆదా చెయ్యటానికి వీలు కల్పించారు. అన్ని గదులూ ఒకేలా ఊడవకుండా, ఏ గదులను ఎక్కువమంది వాడారో చూసి వాటినే ముందు శుభ్రం చెయ్యవచ్చు.

ఆ వెయ్యి బల్లల మాట చదివినప్పుడు నాకు ముందు సంతోషం కలిగింది. తరవాత ఒక సందేహం వచ్చింది. ఒకే కుర్చీలో రోజూ కూర్చోవటంలో మనిషికి ఒక సుఖం ఉన్నది. మీ తరగతిలో మీ చోటును ఇంకొకరు ఆక్రమిస్తే మీరు ఊరుకుంటారా? ఖాళీ కుర్చీలను యంత్రం లెక్కపెట్టగలదు గాని ఈ సుఖాన్ని లెక్కపెట్టలేదు. దాన్ని మనుషులనే అడగాలి.

ఇంతకన్నా పెద్ద చిక్కు మరొకటి ఉన్నది. 2016 జనవరిలో లండన్ నగరంలో డైలీ టెలిగ్రాఫ్ పత్రిక ఆఫీసులో ఒక సోమవారం ఉదయం విలేఖరులు పనికి వచ్చి చూసేసరికి బల్లల కింద చిన్న పెట్టెలు కనిపించాయి. అవి కుర్చీలో మనిషి ఉన్నదీ లేనిదీ కనిపెట్టే సెన్సార్లు. కరెంటు ఆదా కోసం పెట్టామని యాజమాన్యం అన్నది. విలేఖరులు ఒప్పుకోలేదు. ముందుగా తమతో ఒక్క మాటైనా చెప్పకుండా తమ మీద కాపలా పెట్టారని గొడవ చేశారు. పెట్టిన రోజే ఆ పెట్టెలను ఊడదియ్యవలసివచ్చింది.

వాళ్ళ కోపం నాకు అర్థమయింది. ఎందుకంటే అటువంటి తప్పు నేనూ చేశాను. కుళాయిల లెక్క జయప్రదం కావటంతో మాకు ఉత్సాహం వచ్చి, పాఠాలు జరిగే వేళల్లో మంచినీళ్ళకని బయటికి వచ్చేవాళ్ళను లెక్కపెట్టాం. ఈసారి గీతలతో ఊరుకోక పేర్లు కూడా రాయించాను. ఎనిమిదో తరగతి కుర్రవాడొకడి పేరు రోజుకు అయిదుసార్లు కనిపించింది. మర్నాడు ప్రార్థన అయిన తరవాత అందరి ఎదటా వాణ్ణి నిలబెట్టి, "పాఠం ఎగ్గొట్టటానికి మంచినీళ్ళు సాకా?" అని కేకలేశాను. వాడు తల వంచుకుని నిలబడ్డాడే గాని మాట్లాడలేదు. రెండు రోజుల తరవాత వాళ్ళ క్లాసు టీచరు చెప్పింది: ఆ పిల్లవాడు పొద్దున ఇంట్లో ఏమీ తినకుండా వస్తున్నాడు. మధ్యాహ్నం అన్నం దాకా నీళ్ళతో కడుపు నింపుకుంటున్నాడు. నా కాగితంలో ఎన్నిసార్లు వెళ్ళాడో ఉన్నది, ఎందుకు వెళ్ళాడో లేదు. వాణ్ణి గదిలోకి పిలిచి నా తప్పు ఒప్పుకున్నాను. కాని కేకలేసింది అందరి ఎదటా గదా! మరునాడు ప్రార్థనలో కూడా చెప్పాను. ఆ కాగితాలు చింపేశాను.

గుమ్మం దగ్గరి రెండు కిరణాలకు తలలే గాని పేర్లు తెలియవు. గదికి కావలసిన ఫ్యాన్లూ, బల్లలూ, కిటికీలూ తేల్చుకోవటానికి అంతమాత్రం చాలు. ఒక్కొక్క బల్లకూ ఒక్కొక్క సెన్సారు పెట్టి, ఆ బల్ల ఎవరిదో కూడా తెలిసిందంటే అది బల్ల లెక్క కాదు, మనిషి లెక్క. ఈ కారణంగానే చాలా దేశాలు చట్టాలు చేసుకున్నాయి. మన దేశంలో 2023లో వ్యక్తుల డిజిటల్ సమాచారాన్ని కాపాడే చట్టం ఒకటి చేశారు. పద్ధెనిమిదేళ్ళ లోపు పిల్లల సమాచారం వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి ఉండాలని అందులో రాశారు.

మీ బడిలో కూడా ఇటువంటి లెక్క చెయ్యాలని ఉన్నదా? సెన్సార్లు అక్కర్లేదు. కుళాయి గాని, మెట్లు గాని, సైకిళ్ళు పెట్టే చోటు గాని ఒకటి ఎంచుకోండి. ఏం చేస్తున్నారో హెడ్మాస్టరుకూ, మీ తోటి పిల్లలకూ ముందే చెప్పండి. కాగితం మీద అయిదు నిమిషాలకొక గడి గీయండి. మనిషికొక గీత చొప్పున నాలుగు గీతలు నిలువుగా గీసి, అయిదో గీతను వాటికి అడ్డంగా గీస్తే కూడటం సులువు. పేర్లు రాయకండి. ఒక్క రోజుతో ఆపక వారమంతా చెయ్యండి. సంతరోజు సంగతి వేరు, వానరోజు సంగతి వేరు. లెక్క పూర్తయిన తరవాత, ఆ చోటును వాడేవాళ్ళను నలుగురినైనా కూర్చోబెట్టి, ఎందుకిలా జరుగుతున్నదో అడగండి.

ఏదైనా గదికి వరసగా సున్నలే వచ్చాయంటే మటుకు, ముందు దాని తాళంచెవి ఎవరి సొరుగులో ఉన్నదో కనుక్కోండి.