వార్తల్లో పదం: సహజ నైతిక నియమం

2025 జూన్ 21న వివిధ దేశాల పార్లమెంటు సభ్యులతో మాట్లాడుతూ పోప్ 14వ లియో ఈ పదాన్ని ప్రస్తావించారు. ఏ మతమైనా, ఏ దేశమైనా మనిషి తన వివేకంతోనే మంచిచెడుల మూలాన్ని గ్రహించగలడన్నది దీని సారం.

కథోలిక నీతిశాస్త్రంలో దీనికి స్పష్టమైన రూపమిచ్చింది 13వ శతాబ్దపు తత్త్వవేత్త థామస్ అక్వినాస్. సృష్టిని నడిపే దైవ వివేకంలో మనిషి బుద్ధి పాలుపంచుకోవడమే సహజ నియమమన్నారాయన. మంచి చేయాలి, చెడును విడిచిపెట్టాలి అన్నది తొలి సూత్రం. ప్రాణరక్షణ, పిల్లల పెంపకం, సత్యాన్వేషణ, తోటివారితో కలిసి బతకడం దాన్నుంచే వస్తాయి. మూలసూత్రం అందరికీ ఒకటే. వివరాల్లోకి దిగేకొద్దీ పొరపాటు పడవచ్చు కనుక అంతరాత్మకు శిక్షణ కావాలి. ఈ నియమానికి ఎదురు నిలిచే చట్టం అన్యాయమే.

అయితే దీని ఆధారంగానే 1968లో పోప్ ఆరో పాల్ కృత్రిమ గర్భనిరోధాన్ని తప్పన్నారు. ఆ చర్చ కథోలికుల్లోనే ఇంకా ఆగలేదు.

హైదరాబాద్ పాతబస్తీకి సహజ నియమమన్న భావన కొత్త కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద వేలమందిని మింగింది. అఫ్జల్‌గంజ్‌లో ఓ చింతచెట్టెక్కి సుమారు 150 మంది బతికారు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ బాధితులకు తన ప్రాసాదాల తలుపులు తెరిచారు. మునిగిపోతున్నవాడికి చేయి అందించాలని ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. ఆ ఎరుకనే అక్వినాస్ సహజ నియమంగా వివరించారు.