బాలింత బరువు తగ్గడానికి పస్తులు వద్దు, పథ్యం చాలు

మా ఉప్పలగుప్తం చుట్టుపక్కల గ్రామాల నుండి సలహాకై నా వద్దకు వచ్చే బాలింతలలో రెండు రకాల వారుంటారు. పాలు చాలవన్న భయంతో పెద్దలు పెట్టే నేతిముద్దలు, తీపి పదార్థాలు తిని బరువెక్కినవారు కొందరు. పెండ్లినాటి నడుము వెంటనే తిరిగి రావాలని రాత్రి భోజనం మానివేసి నీరసించినవారు మరికొందరు. ఇరువురికీ నేను చెప్పేది ఒక్కటే: తగ్గవలసినది కొవ్వు గాని బలం కాదు.

తొలి నెలన్నర

కాన్పుతోనే బిడ్డ, మాయ, ఉమ్మనీరు కలిపి 5, 6 కిలోల బరువు తగ్గుతుంది. సుమారు కిలో తూగే గర్భాశయం 6 వారాలలో 60, 70 గ్రాములకు కుంచించుకొనిపోతుంది. ఆయుర్వేదం సైతం సూతికకు నెలన్నర పాటు ప్రత్యేక పరిచర్య విధించినది. ఈ గడువులో బరువు తగ్గే ప్రయత్నమేదీ చేయరాదు. పాలిచ్చే తల్లికి మొదటి 6 నెలలు రోజుకు 600 కాలరీలు అదనంగా అవసరమని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020 నాటి సిఫారసులు చెబుతున్నాయి. పస్తులుంటే ఆ లోటు తల్లి ఒంటి మీదనే పడుతుంది.

ఆహార నియమాలు

కోనసీమలో అన్నం రాశిగాను, కూర కొసరుగాను తినడం అలవాటు. నెలన్నర దాటిన తరువాత అన్నం కొంత తగ్గించి, ఆ మేరకు పప్పు, మునగాకు, బీరకాయ, పొట్లకాయ, పలుచని మజ్జిగ పెంచాలి. పూటకు ఒక చెంచా నెయ్యి చాలును. కొబ్బరి లౌజు, ఆత్రేయపురం పూతరేకులు పండుగలకే పరిమితం చేయాలి.

పాలు పడతాయని మన తీరంలో సొరచేప వండిపెడతారు. పెద్ద సొరలలో పాదరసం చేరి ఉంటుంది గనుక చిన్న చేపలే మేలు. మంచినీళ్లు తాగనివ్వకపోవడం సరికాదు; దాహమైనప్పుడల్లా కాచి చల్లార్చిన నీరు ఇవ్వాలి.

వాము కషాయం: అర చెంచా వాము, చిటికెడు శొంఠిపొడి 2 గ్లాసుల నీటిలో వేసి, ఒక గ్లాసు మిగిలేవరకు మరిగించి, భోజనానంతరం గోరువెచ్చగా కొద్దికొద్దిగా తాగాలి. ఇది అజీర్తికే గాని కొవ్వు కరగడానికి కాదు.

నడికట్టు, నడక

ప్రసవానంతరం పొట్టకు వస్త్రం చుట్టమని చరక సంహితలోనే ఉన్నది. అది నడుముకు ఆసరా మాత్రమే, ఊపిరాడనంత బిగించరాదు. సుఖప్రసవమైతే కొద్దిరోజులకే ఇంట్లో మెల్లగా నడవవచ్చు. 6 వారాల తరువాత ఉదయం కాలువగట్టు మీద అరగంట నడక చక్కని వ్యాయామం. ఆపరేషన్ అయినవారు వైద్యుని అనుమతితోనే వ్యాయామం మొదలుపెట్టాలి. 6 వారాలు బిడ్డకంటె బరువైనది ఎత్తరాదు. నెలకు 2 కిలోలకు మించి తగ్గాలని ఆశించరాదు.

జాగ్రత్తలు

పాలిచ్చేటప్పుడు భేదిమందులు, బరువు తగ్గించే పొడులు సొంతంగా వాడరాదు. ఇనుము మాత్రలు 180 రోజులు మానరాదు. ఎంత జాగ్రత్తపడినా బరువు తగ్గక, విపరీతమైన అలసట ఉంటే థైరాయిడ్ పరీక్ష అవసరం. జ్వరం, అధిక రక్తస్రావం, పిక్కలో నొప్పి వాపు, ఎంతకూ తీరని దిగులు కనిపిస్తే ఆలస్యం చేయక వైద్యుని వద్దకు తీసుకొనిపోవాలి.

ఇంటి పెద్దలకు ఒక విన్నపం. నిద్రలేమి ఆకలిని పెంచి బరువును పెంచుతుంది. రోజూ ఒక గంట బిడ్డను మీరెత్తుకొని ఆ తల్లిని నిద్రపోనివ్వండి, మరో అరగంట నడవనివ్వండి. ఏ లేహ్యమూ చేయలేని మేలు అది చేస్తుంది.